కవరు లేని క్రాండల్

"నాలుగింటికి హాలు తలుపులు మూస్తారు. ఈలోపు అసలు కార్డు దొరక్కపోతే మైలో చేతులకి బేడీలు పడతాయి. నువ్వొచ్చింది కేసు తేల్చడానికి కాదు వెర్నా, ముసలాయనకి వీడ్కోలు చెప్పడానికి."

ఈ మాటలన్నది క్రైటన్ బేన్స్. నేనింకా కోటైనా విప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. హాలు నిండా టేబుళ్లు, టేబుళ్ల నిండా బేస్‌బాల్ ఆటగాళ్ల పాత కార్డులు, వాటి మీదకి వంగిన తలలు.

"వీడ్కోలు ఎవరికి చెప్పాలో నాలుగింటికి చూద్దాం," అన్నాను.

"నీ ఇష్టం మేడమ్. నా రిపోర్టు సగం అయిపోయింది."

వాడి సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే నేను చెప్పేదాంట్లో నిజమెంతో కుళ్లెంతో మీకు తెలియదు. టొలీడోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే విభాగాన్ని నేను నడిపేదాన్ని. క్రైటన్‌ని ఉద్యోగంలోకి తీసుకున్నది నేను. మొహాలు కాదు, చేతులు చూడు అని నేర్పింది నేను. ఇప్పుడు నా కుర్చీలో వాడు కూర్చున్నాడు, నేను ప్రైవేటు డిటెక్టివ్‌నని కార్డులు అచ్చువేయించుకుని తిరుగుతున్నాను. పేపర్లో వాడి ఫొటో పడితే విసురుగా పేజీ తిప్పేస్తాను. కాఫీ అయ్యేలోపు మళ్లీ వెనక్కి తిప్పి చూస్తాను.

నన్ను పిలిపించింది బెర్నడెట్, ఈ కార్డుల షో నడిపే ఆవిడ. తన ఆఫీసు గదిలో కూర్చోబెట్టి గుక్కతిప్పుకోకుండా జరిగింది చెప్పింది.

మైలో హావ్రనెక్ ఈ షోలో నలభై ఏళ్లుగా టేబుల్ వేస్తున్న డీలర్. అతని దగ్గర ఎల్మర్ క్రాండల్ అనే పిచ్చర్, అంటే బంతి విసిరే ఆటగాడి కార్డు ఉంది. ఎనభై తొంభై ఏళ్ల కింద చూయింగ్ గమ్ పొట్లంలో వచ్చిన కార్డు. మూలలు చెక్కుచెదరని క్రాండల్ ఈ చుట్టుపక్కల ఇదొక్కటే. ఎవరడిగినా ఇవ్వనని మైలో చెబుతూ వచ్చాడు. అలాంటిది ఈ పొద్దున డెట్రాయిట్ నుంచి వచ్చిన, కార్డులు సేకరించే ఒకాయనకి ట్రేడ్‌లో ఇచ్చేశాడు. బదులుగా ఒక ట్రే నిండా కార్డులు తీసుకున్నాడు. ఇద్దరూ చేతులు కలిపారు. అప్పుడు ఆ డెట్రాయిట్ ఆయన జేబులోంచి ఊదారంగు లైటు తీసి క్రాండల్ మీద వేశాడు. పాత కాగితమైతే ఆ వెలుతురులో నల్లగా ఉండిపోతుంది. కొత్త కాగితం మెరుస్తుంది. క్రాండల్ అప్పుడే ఉతికి ఆరేసిన చొక్కాలా మెరిశాడు.

"నకిలీ!" అని ఆయన అరిచిన అరుపుకి హాలంతా ఆగిపోయిందట. ఈ కార్డుల లోకంలో చేతులు కలిపాక ట్రేడ్ వెనక్కి పోదు. అందుకే చేతులు కలిపి నకిలీ అంటగట్టినవాడికి ఇక ఏ ఊళ్లోనూ టేబుల్ ఇవ్వరు. షెరిఫ్ డెప్యూటీ వచ్చి వాంగ్మూలం రాసుకున్నాడు. షో ముగిసేదాకా ఆగమని బెర్నడెట్ బతిమాలుకుంది. మైలో ఏమో తన కార్డుని ఎవరో మార్చేశారని ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాడు. అలా ఊడిపడ్డాడు క్రైటన్.

"మైలోయే అసలుది దాచాడంటాడు ఆ క్రైటన్," అంది బెర్నడెట్. "అటు ట్రే కొట్టేసి, ఇటు క్లెయిమూ కొట్టేద్దామని చూశాడట. నేను నమ్మను. కానీ నేను నమ్మకపోతే ఎవడిక్కావాలి?"

నకిలీ కార్డు ఆమె బల్ల మీదే ఉంది. చూశాను. పైన గట్టి ప్లాస్టిక్ కేసు. లోపల పల్చటి కవరు. కవరులో కార్డు. కవరు పై మూల దగ్గర ఎవరో కొరికినట్టు నెలవంకలాంటి చిన్న కోత.

పక్కనే డెట్రాయిట్ ఆయన ట్రే. అందులో అన్నీ దిట్టమైన కార్డులే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బడ్ లాస్కీ అనే అనామకుడిది. అంచులు మెత్తబడిపోయిన కార్డు, పసుపెక్కిన పాత కవరు. అలాంటిది ఏది తీసుకున్నా డాలరే అని అమ్మే డాలర్ పెట్టెలో వేసినా ఎవరూ చూడరు. కానీ కవరు మూల చూసి నా చెయ్యి ఆగింది. అక్కడా నెలవంక కోతే.

నకిలీ కవరుకి ఉన్న కోత, డెట్రాయిట్ ఆయన తెచ్చిన కవరుకీ ఉంది. నా లోపల ఒక దీపం వెలిగింది. కార్డు మార్చింది ఆ డెట్రాయిట్ ఆయనే అయితే? క్రైటన్ రిపోర్టు చించి వాడి చేతిలో పెట్టొచ్చు. ఆ సంతోషంలో ఒక్క క్షణం మైలో సంగతే మర్చిపోయాను.

మైలోని లోపలికి పిలిపించాను. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అసలుదని ఖాయంగా చివరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న మధ్యాహ్నం. పక్క టేబుల్ లైల్ లైటు వేసి మరీ చూశాడు. కార్డు మెరవలేదు. వాడి మొహం మాత్రం మాడింది."

"ఆ తర్వాత?"

"సాయంత్రం మూసేముందు చేతులు కడుక్కోడానికి వెళ్లా. డోలరెస్ అన్నీ సర్దింది. మా ఆవిడ. రాత్రి మోటెల్లో మంచం పక్కన పెట్టుకున్నా. పొద్దున తెచ్చి అద్దాల పెట్టెలో పెట్టా."

"పొద్దున చూడలేదా?"

"చూశా. రోజూ చూసే మొహాన్ని ఎవరైనా పరీక్షగా చూస్తారా వెర్నా?"

"కవరు వేసింది ఎవరు?"

"నేనే. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. డోలరెస్‌ని కూడా."

"మూల కత్తిరించావా?"

"చిన్న కత్తెరతో నిలువుగా ఒక చీలిక. కార్డు జారేటప్పుడు మూల నలక్కుండా. ఎప్పుడూ అంతే."

నిలువు చీలిక. మరి నా ముందున్నది నెలవంక. అంటే నకిలీ తన కవరుతో సహా వచ్చింది. నకిలీకి మూల నలిగితే ఎవడికి నష్టం? అయినా ఎవరో దానికీ అంత జాగ్రత్తగా కత్తిరించి వేశారు. బుర్రకి తెలియకుండా చెయ్యి చేసుకుపోయే పని అది. కార్డుల మధ్య బతికిన చెయ్యి.

"ఇంకొక్కటి. ఎవరికీ ఇవ్వనన్నవాడివి ఇవాళ ఎందుకిచ్చావు?"

"అది నా ఇంటి సంగతి."

"నువ్వు నోరు మూసుకుంటే క్రైటన్ నోరు తెరుస్తాడు మైలో."

"తెరవనీ."

ఇక లాభం లేదని హాల్లోకి వచ్చాను. మైలో టేబుల్ పక్కనే లైల్ ఆట్‌కిన్స్ టేబుల్. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా పక్కపక్కనే. ఇద్దరికీ పడదు. అయినా టేబుళ్లు మార్చమని ఒక్కసారీ అడగలేదట.

"అనుమానం నా మీదేగా?" అన్నాడు లైల్, నేను నోరు తెరవకముందే. "రాసుకో. ఆ క్రాండల్ కోసం నేను సగం జీవితం వెతికాను. వాడికి దొరికింది. కడుపు మండింది. ఇప్పుడూ మండుతోంది. ఇవాళ పొద్దున వాడి పరువు పోతుంటే చూసి, సంతోషించడానికి నావంతు ప్రయత్నం చేశా. కుదర్లేదు."

"ఎందుకు కుదర్లేదు?"

"వాడు నన్ను బేరంలో ముంచాడు, తిట్టాడు, నా పెళ్లిలో తాగి పడిపోయాడు. నకిలీ మాత్రం అమ్మడు. అమ్మేవాడైతే వాణ్ణి చూసి ఇన్నేళ్లు కుళ్లుకునేవాణ్ణా?"

ఆ మాట నాకు కాస్త గట్టిగానే తగిలింది. పైకి కనపడనివ్వలేదు.

"ఒక కార్డుకి కవరు వేసి చూపించు."

లైల్ కవరు తీసుకుని నోటి దగ్గర పెట్టి ఉఫ్‌మని ఊదాడు. అది విచ్చుకుంది. కార్డు జార్చాడు. "కత్తిరించడం నాకు గిట్టదు. కవరు కవరులా ఉండాలి."

అంటే లైల్ కాదు. సరిగ్గా అప్పుడు అద్దం మీద టక్కుమని కాగితం కప్పు దిగింది. క్రైటన్ కాఫీ.

"తియ్యవయ్యా!" లైల్ గొంతుకి అటు నాలుగు టేబుళ్లవాళ్లు తిరిగి చూశారు. "అద్దం మీద కాఫీ పెడతావా? ఏ ఇంట్లో పెరిగావు నువ్వు?"

క్రైటన్ నవ్వుతూ కప్పు తీశాడు. రెండో చంకలో పొడుగాటి అట్టపెట్టె ఉంది.

"ఏంటది?" అన్నాను. "దొంగల్ని పట్టడం మానేసి బేరాలు మొదలెట్టావా?"

"మా అక్క కొడుక్కి. లైల్ డాలర్ పెట్టె మొత్తం కొనేశా. మనవాడు ఆడుకుంటాడు."

"చెత్తంతా ఒక్క దెబ్బకి వదిలింది," అన్నాడు లైల్. "నీ కాఫీ క్షమించేశా పో."

నేను క్రైటన్‌ని పక్కకి లాగాను. "డెట్రాయిట్ ఆయన్ని ఎందుకు వదిలేశావు? నకిలీ కవరూ ఆయన ట్రేలో ఒక కవరూ ఒకే చేత్తో కత్తిరించినవి."

"చూశాను," అన్నాడు. అంత తేలిగ్గా. నేను కనిపెట్టానని మురిసిపోయిందాన్ని వాడు పొద్దున్నే చూసి పక్కన పెట్టేశాడు. "కానీ చేతులు కలిపేదాకా ఆయన ఆ కేసు ముట్టుకోలేదు. ఇరవై మంది సాక్షులున్నారు. నీకు కావలసింది దొంగ కాదు మేడమ్, నేను తప్పని తేలడం. దానికోసం ఎవణ్ణి దొరికితే వాణ్ణి దొంగని చేస్తావు."

చెంప మీద కొట్టినా బాగుండేది. ఎందుకంటే అది నిజం.

"హాల్లో కెమెరా ఉందిగా?" అన్నాను, మాట మార్చడానికి.

"ఈ వరసకి లేదు. అడిగాను." తిరిగి వెళ్లిపోతూ అన్నాడు, "నీ దగ్గర నేర్చుకున్నదే. ముందు కెమెరా, తర్వాత మనుషులు."

వాడి వీపుని చూస్తూ నిలబడ్డాను. సూటు కూడా నాకంటే మంచి దర్జీ దగ్గర కుట్టించాడు. ఇలాంటివి కూడా లెక్కకొస్తాయి నాకు.

మైలో టేబుల్ వెనక డోలరెస్ ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టూ అంత గొడవ జరుగుతున్నా పని ఆపలేదు. ఎదురుగా కార్డుల దొంతర, పక్కన కవర్ల కట్ట. కవరు తీసుకుంటోంది, మూల దగ్గర టిక్‌మని ఏదో నొక్కుతోంది, కార్డు జారుస్తోంది. మళ్లీ కవరు, మళ్లీ టిక్. మెళ్లో తాడుకి వేలాడుతున్న నెయిల్ కట్టర్ అది.

ఆమె వేసిన కవరొకటి తీసి చూశాను. నెలవంక.

మొహాలు కాదు, చేతులు చూడు. నేను నేర్పిన పాఠమే. వచ్చి గంట దాటాక గాని ఆ చేతుల్ని చూడలేదు.

కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. గొంతు తగ్గించి అడిగాను.

"కత్తెర వాడొచ్చుగా డోలరెస్?"

"కత్తెర ఆయనది. ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. నాకు ఇదే అలవాటు."

"నకిలీ క్రాండల్ కవరుకి కూడా ఇదే కోత ఉంది."

టిక్ అన్న చప్పుడు ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న కార్డుని కవరులోకి పూర్తిగా జార్చి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసింది.

"ఆ నకిలీ మా ఇంటిదే," అంది. "కొత్తగా వచ్చేవాళ్లకి చూపించడానికి ఆయనే కొన్నాడు. నకిలీ ఎలా ఉంటుందో చూసి నేర్చుకోండని. ఎప్పుడో కవరు వేసి పెట్టా. ఏది చేతికొస్తే దానికి వేస్తాను కదా."

"నిన్న సర్దేటప్పుడు మార్చారు."

"ఆయన చేతులు కడుక్కునేలోపు. రాత్రి ఏం చేశాడో తెలుసా మీకు? ఆ నకిలీని మంచం పక్కన పెట్టుకుని గుడ్ నైట్ చెప్పాడు. నాకు చెప్పలేదు. దానికి చెప్పాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు నవ్వు రాలేదు.

"డోలరెస్, అది కార్డు. మనిషి కాదు."

"ఇచ్చింది మనిషేగా!" మొదటిసారి గొంతు పెరిగింది. చుట్టూ చూసి మళ్లీ తగ్గించింది. "జిన్నీ. పెళ్లికి ముందు ఆయన తిరిగిన పిల్ల. పోయినేడు వాళ్ల నాన్న పోయాక సామాన్లలో క్రాండల్ దొరికిందట. ఫోన్ చేసింది. చలికాలమంతా శనివారం శనివారం వెళ్లాడు. బేరం కుదర్లేదు, మళ్లీ వెళ్లాలి అనేవాడు. ముప్పై ఏళ్లుగా బేరాలు చూస్తున్నదాన్ని నేను. క్రాండల్‌కైనా అన్ని శనివారాలు పట్టవు."

"ఇద్దరి మధ్యా ఏమైనా…"

"లేదు. అది తెలుసు నాకు. ఉంటే బాగుండేది, తిట్టి వదిలేసేదాన్ని." నెయిల్ కట్టర్‌ని గుప్పెట్లో బిగించింది. "పెళ్లి కుదిరినప్పుడు నా మొదటి జీతంతో ఆయనకి ఒక కార్డు కొనిచ్చా. నాకప్పుడు ఏమీ తెలీదు. మొహం బాగుందని కొన్నా. పనికిరాని కార్డు. దానికి నేనే కవరు వేశా, నా జీవితంలో మొదటి కవరు. మూల నలక్కూడదని దీంతోనే కొరికించి వేశా. అది చూసి ఎంత నవ్వాడో. అప్పట్నుంచి పర్సులో పెట్టుకు తిరిగేవాడు. జిన్నీతో ట్రేడ్‌లో పది కార్డులు ఇచ్చాడు. పదకొండోది కొసరుగా అడిగిందట. పర్సులోంచి తీసి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి చెప్పాడు కూడా, అదేదో గొప్ప బేరం అయినట్టు."

"ఎవరిది ఆ కార్డు?"

"బడ్ లాస్కీ. మీరు పేరు కూడా విని ఉండరు."

విన్నాను. గంట కింద చూశాను కూడా. మైలో నోరెందుకు విప్పలేదో నాకప్పుడు అర్థమైంది. కానీ ఆమెకి ఆ మాట చెప్పవలసింది నేను కాదు.

"అసలు క్రాండల్ ఎక్కడుంది?"

"డాలర్ పెట్టెలో," అంది. "లైల్ టేబుల్ మీద. పొద్దున జనం రాకముందే వేశా. మామూలు కవరులోకి మార్చి, ఆ పెట్టెలో కార్డులకి లైల్ వేసే పసుపు స్టిక్కరు ఒకటి పీకి దానికి అంటించి. ఆ కార్డుకి ఎవడో ఒక డాలర్ ఇచ్చి తీసుకుపోవాలి. దాని విలువ అంతేనని నేను ఒక్కసారి చూడాలి. ఇంకేం వద్దు నాకు. అంత కసిలోనూ మూల నలక్కుండా కత్తిరించే వేశానండీ, నా చేతుల్ని తగలెయ్యా!" కళ్లు తుడుచుకుంది. "ఆయన దాన్ని ట్రేడ్ చేస్తాడని నాకేం తెలుసు? చచ్చినా ఇవ్వనన్నాడు. పోలీసొచ్చాక భయమేసింది. ఆ పెట్టె వెతుకుదామంటే జనం. తర్వాత చూస్తే పెట్టే లేదు."

పెట్టె లేదు. ఎందుకుంటుంది? క్రైటన్ చంకలో ఉంది.

అక్క కొడుకు! క్రైటన్‌కి అక్క లేదు. ఉన్న ఒక్క చెల్లెలూ కూతుళ్ల తల్లి. వాళ్ల క్రిస్మస్ విందుకి నేను రెండుసార్లు వెళ్లాను. ఇంత తెలిసీ వాడి సూటు చూసి కుళ్లుకుంటూ నిలబడ్డాను.

బెర్నడెట్ ఆఫీసులోకి దాదాపు పరిగెత్తాను. "మైలో వరసకి కెమెరా ఉందా?"

"ఉందిగా. పొద్దున ఆ క్రైటన్ అంతా చూసుకున్నాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. కెమెరాలో డోలరెస్‌ని చూశాడు. పెట్టె కొనేశాడు. దొంగ భార్య అయితే కేసు ఇంటి గొడవై చల్లారిపోతుంది, ఫొటో పడదు. దొంగ మైలో అయితే నలభై ఏళ్ల డీలర్ బండారం బయటపడ్డట్టు, కంపెనీ డబ్బు మిగిలినట్టు, క్రైటన్ మళ్లీ పేపర్లో పడ్డట్టు. మరి కార్డుని ఏం చేస్తాడు? నేనైతే ఏం చేస్తాను?

ఎక్కడ దొరికితే మైలో మునుగుతాడో అక్కడ దొరికేలా చేస్తాను.

ట్రేలోంచి లాస్కీ కార్డుని పసుపెక్కిన కవరుతో సహా తీసి, ఒక గట్టి కేసులో పెట్టి బెర్నడెట్ చేతికిచ్చాను. "ఇది పట్టుకుని మైలో టేబుల్ దగ్గరికి రా. ఎందుకని అడక్కు." వెనక తలుపు తోసుకుని బయటికి పడ్డాను. దూరం పోయి పారేసే మనిషి కాదు క్రైటన్. బరువున్నది ఏదైనా దగ్గర్లోనే వదిలించుకుంటాడు. తలుపు పక్కనే చెత్త డబ్బా ఉంది. మూత ఎత్తాను.

కాఫీ కప్పులు, తినగా మిగిలిన హాట్‌డాగులు. వాటి మధ్య పొడుగాటి అట్టపెట్టె. కార్డులన్నీ వరస తప్పకుండా ఉన్నాయి. ఆడుకునే మేనల్లుడికి కొన్న కార్డులు. డబ్బా అడుగుదాకా చెయ్యి పెట్టి కెలికాను. వేళ్లకి పల్చటి ప్లాస్టిక్ తగిలింది. బయటికి తీశాను. ఖాళీ కవరు. దాని మీద లైల్ పసుపు స్టిక్కరు. మూల దగ్గర నెలవంక.

స్టిక్కరు చూస్తే కార్డు డాలర్ పెట్టెలోంచి వచ్చిందని తెలిసిపోతుంది. అందుకే కవరు తీసి పారేశాడు. తెలివైనవాడే. కాకపోతే వాడు అద్దం మీద కాఫీ పెట్టే మనిషి.

లోపల్నుంచి గోల వినిపించింది.

నేను చేరేసరికి మైలో టేబుల్ చుట్టూ జనం మూగి ఉన్నారు. షెరిఫ్ డెప్యూటీ ముందే వచ్చేశాడు. క్రైటన్ పిలిపించి ఉంటాడు. మైలో కోటు కుర్చీ వీపుకి వేలాడుతోంది. క్రైటన్ దాని లోపలి జేబులోకి రెండు వేళ్లు పెట్టి, ఫొటోగ్రాఫర్ లేకపోయినా ఉన్నట్టే మెల్లగా బయటికి తీశాడు.

"ఇదిగోండి డెప్యూటీగారూ. ఎల్మర్ క్రాండల్. అసలుది. దొంగలెత్తుకుపోయిందన్న కార్డు వీరి కోటులోనే నిద్రపోతోంది."

ఒక్కొక్కరూ మెడలు చాచి చూస్తున్నారు. వాళ్లు చూస్తున్నది మైలోని కాదు, క్రైటన్ వేళ్లని.

మైలో గొంతు ముందు లేచింది. నేను దొంగని కాదని అరుస్తాడనుకున్నాను. అతని చూపు కార్డు మీద నుంచి కదల్లేదు.

"కవరేది?" అన్నాడు. "దాని కవరేది?"

"ఏ కవరు?" అన్నాడు క్రైటన్.

హాలంతా ఒక్కసారి మూలిగినట్టు చప్పుడైంది. లైల్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"డెప్యూటీ, నాకు వీడంటే పడదు. ఈ హాల్లో ఎవర్నైనా అడుగు. కానీ విను. మైలో వాళ్లమ్మని శవపేటిక లేకుండా పూడ్చమన్నా పూడుస్తాడేమో గానీ, క్రాండల్‌ని కవరు లేకుండా జేబులో పెట్టడు. నేనూ పెట్టను. ఇక్కడ కార్డు ముట్టుకున్నవాడెవడూ పెట్టడు. ఆ జేబులో పెట్టింది బయటివాడు."

"అవును," అన్నారెవరో వెనక నుంచి. ఇంకెవరో అన్నారు. తర్వాత అందరూ అన్నారు. డెప్యూటీ క్రైటన్ వేళ్ల వైపు కొత్తగా చూశాడు.

నేను కవరు పైకెత్తాను. "కవరు ఇక్కడుంది. వెనక చెత్త డబ్బాలో, క్రైటన్ కొన్న డాలర్ పెట్టె పక్కన. స్టిక్కరు లైల్‌ది. పెట్టె అమ్మింది లైలే. పొద్దున కెమెరా చూసింది క్రైటన్ ఒక్కడే."

క్రైటన్ నన్నే చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పేపర్ పేజీ వెనక్కి తిప్పినప్పుడు నా మొహంలో ఉండే చూపే అది. ఎంత బాగుందో చెప్పలేను.

"మరి డాలర్ పెట్టెలో వేసింది ఎవరు?" అన్నాడు వాడు మెల్లగా. "అది కూడా చెప్పు మేడమ్. కవరు మూల చూపించు."

డెప్యూటీ నా చేతిలోంచి కవరు తీసుకుని మైలో ముందు పెట్టాడు. "ఈ కోత ఎవరిదో గుర్తుపడతారా?"

మైలో కవరుని దగ్గరగా పట్టుకున్నాడు. బొటనవేలితో ఆ నెలవంకని ఒకసారి తడిమాడు. అతనికి అంతా అర్థమైందని అందరికంటే ముందు నేను చూశాను. తల ఎత్తి భార్యని చూశాడు. ఆమె కదల్లేదు.

"నాదే," అన్నాడు మైలో. "నేనే కత్తిరించా. కార్డు మార్చింది కూడా నేనే. రాసుకోండి."

క్రైటన్ భుజాలు కాస్త లేచాయి. డెప్యూటీ నడుం దగ్గర బేడీలు గలగలమన్నాయి.

"అబద్ధం," అంది డోలరెస్.

మెళ్లో తాడు తీసింది. నెయిల్ కట్టర్‌ని అద్దం మీద పెట్టింది. ఒక కొత్త కవరు తీసి, అందరి ముందూ టిక్‌మనిపించి, దాన్నీ పక్కన పెట్టింది.

"ఆయనది కత్తెర," అంది. "ఇది నాది. మార్చింది నేను. పెట్టెలో వేసింది నేను. ఆ జిన్నీ కార్డు మా ఇంట్లో ఉండకూడదని వేశా. ఆయన్ని వదిలేయండి." మైలో వైపు తిరిగింది. "దాన్ని అంత ప్రాణంగా చూసుకున్నవాడివి, ఆ డెట్రాయిట్ ఆయనకెందుకిచ్చావ్? దేనికోసం ఇచ్చావ్?"

మైలో చూపు బెర్నడెట్ చేతిలోని కేసు మీదకి పోయింది.

నేను బెర్నడెట్‌కి సైగ చేశాను. ఆమె గట్టి కేసుని నెయిల్ కట్టర్ పక్కన పెట్టింది. అంచులు మెత్తబడ్డ బడ్ లాస్కీ, పసుపెక్కిన కవరు, దాని మూల ఒక నెలవంక.

"జిన్నీ దాన్ని డెట్రాయిట్ ఆయనకి అమ్మేసింది," అన్నాడు మైలో. "క్రాండల్ ఇస్తేనే ఇస్తానన్నాడు. ట్రేలో మిగతావన్నీ కొసరు."

డోలరెస్ ఆ కేసుని రెండు చేతులతో తీసుకుంది. మూత తీసి, కవరుతో సహా కార్డు బయటికి లాగి, మైలో చొక్కా జేబులో పెట్టింది. తర్వాత డెప్యూటీ వైపు తిరిగి రెండు చేతులూ ముందుకు చాచింది.